అరటి గెలలు తోలడానికి చిన్న బండి కావాలి: హంగులొద్దు, మైలేజీ కావాలి

లంక_లెక్కలు (ప్రశ్న)

అందరికీ నమస్కారమండీ. మాది కొల్లిపర పక్కన లంక ఊరు. బండి తోలేది మా తమ్ముడు, లెక్క రాసేది నేను. తెల్లవారుజామున లంకల్లో అరటి గెలలు, కంద, కూరగాయలు ఎక్కించుకుని దుగ్గిరాల, రేవేంద్రపాడు మీదుగా కాలవ పక్క రోడ్డున బెజవాడ చేరతాం. కొంత సరుకు కాళేశ్వరరావు మార్కెట్‌లో దింపి, మిగతాది పటమట వైపు షాపులకి వేస్తాం. రానూపోనూ, ఊళ్లో తిరుగుడూ కలిపి రోజుకి 80 కిలోమీటర్లకి అటూ ఇటూ. మామూలు రోజుల్లో 600 కిలోల సరుకు. శ్రావణం, దసరా, కార్తీకంలో 900 దాకా పోతుంది.

ఇప్పుడున్నది 2011లో కొన్న టాటా ఏస్. రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజను, 16 హార్స్‌పవరు. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు, పాటల పెట్టె కూడా మేం తర్వాత పెట్టించుకున్నదే. కానీ నిండు లోడుతో లీటరుకి 16కి తగ్గలేదు. లంక దారిలో ఇసకలో దిగబడితే నలుగురు భుజం పడితే బయటికొచ్చేది. ఏం పాడైనా తెనాలిలో పొద్దున ఇస్తే సాయంత్రానికి చేతికిచ్చేవాళ్లు. ఈ బండి మీదే ఇల్లు గడిచింది, మా పిల్ల ఇంటరు దాకా చదివింది. ఇప్పుడు ఛాసిస్‌కి తుప్పు పట్టింది. ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, 15 ఏళ్లు దాటాక దాని ఫీజు కూడా బాగా పెరుగుతుంది. ఇంక మార్చక తప్పదు.

కొత్తది చూద్దామని షోరూముల చుట్టూ తిరిగాం. ఏది ఏ కంపెనీదో పేరు పెట్టను, అన్ని చోట్లా ఒకే వరస. బండి దగ్గరికి తీసుకెళ్లగానే ముందు తెర చూపిస్తారు, ఫోనుకి కలుపుకోవచ్చంటారు. అవి కావలసినవాళ్లు ఉంటారు, కాదనను. నిండు లోడుతో మైలేజీ ఎంతొస్తుందండీ అంటే కాగితం మీదున్న అంకె చదువుతారు. ఆ అంకె ఎంత లోడుతో, ఏ రోడ్డు మీద వచ్చిందంటే జవాబు లేదు. చివరికి అందరిదీ ఒకటే మాట: "ఇంకొంచెం పెద్దది తీసుకోండి మేడమ్, నెలకి తేడా రెండు వేలే కదా."

ఆ రెండు వేలు వాయిదాలో తేడా మాత్రమే. డీజిల్ తేడా సంగతేంటి? మేం నెలకి దాదాపు 2,000 కిలోమీటర్లు తిరుగుతాం. డీజిల్ రూ.97 అనుకుందాం. లీటరుకి 16 ఇచ్చే బండికి నెలకి రూ.12,125 అవుతుంది. 12 ఇచ్చే బండికి రూ.16,167. అంటే నెలకి నాలుగు వేలు, ఏడాదికి రూ.48 వేల పైమాట. ఐదేళ్ల వాయిదాలు తీరేసరికి ఆ తేడాతో బండి ఖరీదులో సగం చేతికొస్తుంది. నాకు మైలేజీ అంటే ఇదీ.

ఇంకో మాట. మా చుట్టుపక్కల నాలాంటివాళ్లు బోలెడు మంది. పూలు తోలేవాళ్లు, నీళ్ల టిన్నులు వేసేవాళ్లు, టెంటు సామాను తిప్పేవాళ్లు. అందరూ వెతికేది తక్కువ తాగే, తేలిగ్గా బాగుపడే చిన్న బండే. దొరక్క పాత బండ్లు కొంటున్నారు. పాత బండి చేతులు మారితే కొత్త బండ్ల అమ్మకాల్లో ఎక్కడా కనపడదు. అది చూసి జనానికి పెద్ద బండ్లే కావాలని కంపెనీలు అనుకుంటున్నాయని నా గట్టి నమ్మకం. దుకాణంలో లేని సరుకుని అడిగి వెనక్కి తిరిగినవాళ్ల లెక్క ఎవరు రాస్తున్నారండీ?

కొత్తగా కొనేవాటిలో నాకు సరిపడేది ఉందా? బీఎస్-6 (ఇప్పటి పొగ నిబంధనల) డీజిల్ మా పనికి ఆగుతుందా, గ్యాసు బండి మేలా? లేకపోతే అంతకుముందు నిబంధనల నాటి పాత బీఎస్-4 బండి చూసుకోమంటారా? నడిపేవాళ్లు, బాగుచేసేవాళ్లు చెప్పండి.

---

ఆటోనగర్_పానా

అక్కా, జవహర్ ఆటోనగర్‌లో మా షెడ్డు. చేసేవి ఎక్కువగా చిన్న బండ్లే. మీ లెక్క చూసి సంతోషం వేసింది. బండి కొనేముందు ఇలా కాగితం మీద పెట్టుకునేవాళ్లు తక్కువ.

మీ పాత ఇంజనులాంటిది మళ్లీ రాదు, దాని మీద ఆశ వదులుకోండి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి దిగింది, పొగ మీద హద్దులు బిగిశాయి. మీ ఏస్‌లో డీజిల్‌ని మెకానికల్ పంపు కొలిచి పంపుతుంది. ఇప్పటి బండ్లలో ఆ పని సెన్సర్లూ కంప్యూటరూ చేస్తాయి. డీజిల్ బండికి సైలెన్సర్ దారిలో మసి పట్టుకునే ఫిల్టరు కూడా ఉంటుంది, డీపీఎఫ్ అంటాం. ఇంజను బాగా వేడెక్కి కాసేపు ఒకే ఊపున నడిస్తే ఆ మసి దానంతటదే కాలిపోతుంది. వన్‌టౌన్ నుంచి గవర్నర్‌పేట, మళ్లీ వన్‌టౌన్ అంటూ గేరు గేరుకీ ఆగే బండికి ఆ వేడి రాదు, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకుండా నడిపితే మా దగ్గరికి పెద్ద ఖర్చుతో వస్తారు. మీకు ఆ భయం తక్కువ. దుగ్గిరాల నుంచి వారధి దాకా ఆగకుండా వస్తారు కాబట్టి ఫిల్టరు శుభ్రపడుతుంది.

టన్ను లోపు బండ్లు చాలావరకు పెట్రోలుకీ గ్యాసుకీ మళ్లడానికి కారణం కూడా ఇదే. ఇంత సరంజామా చిన్న డీజిల్ ఇంజనుకి తగిలిస్తే ధర కిట్టదు. మారుతి సూపర్ క్యారీ 2016లో 793 సీసీ డీజిల్‌తో వచ్చింది. బీఎస్-6 వచ్చేసరికి డీజిల్ ఆపేసి 1.2 లీటర్ల పెట్రోలు, సీఎన్‌జీ మాత్రమే ఉంచారు.

మీరడిగిన బండి అసలు లేదనడం మాత్రం సరికాదక్కా. 2005లో మొదటి ఏస్ వచ్చినప్పుడు ధర దాదాపు రూ.2.25 లక్షలు. 2025 జూన్‌లో ఏస్ ప్రో అని వదిలారు, మొదలు ధర రూ.3.99 లక్షలు, మోసేది 750 కిలోలు. పెట్రోలు, పెట్రోలుతో పాటు గ్యాసు, కరెంటు, మూడు రకాలున్నాయి. ఇంజను 694 సీసీ, అదీ రెండు సిలిండర్లే. తర్వాత 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఇరవై ఏళ్లలో మిగతా ధరలు ఎంత పెరిగాయో చూసుకుంటే ఇది మరీ అన్యాయమైన రేటు కాదు. అంటే మీలాంటివాళ్ల గిరాకీ ఎవరో ఒకరు పసిగట్టినట్టే.

గ్యాసు సంగతి. కిలో సీఎన్‌జీలో లీటరు పెట్రోలు కంటే దాదాపు 40 శాతం ఎక్కువ శక్తి ఉంటుంది. కాబట్టి కిలోకి వచ్చే దూరాన్ని లీటరుకి వచ్చే దూరంతో పోల్చకండి. రూపాయికి ఎంత దూరమో చూడండి. విజయవాడలో భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల బంకులున్నాయి, ఆటోల వెనక క్యూలో నిలబడాలి. మీరు సరుకు దింపి తిరుగుదారిలో నింపుకుంటే గెలలు ఎండలో మాడవు. ఒక్కటి మర్చిపోవద్దు: సిలిండరు బరువు మోత లోంచి పోతుంది. సూపర్ క్యారీ పెట్రోలు బండి 740 కిలోలు మోస్తే గ్యాసుది 625 కిలోలే. మీ 600కి అది అంచుకి అంచు. లంకలో ఇసక దారంటున్నారు కాబట్టి సిలిండరు ఎంత కిందకి వేలాడుతుందో వంగి చూసుకోండి.

టన్నున్నర దాకా కావాలంటే టాటా ఇంట్రా, అశోక్ లేలాండ్ దోస్త్, ఆ పైన బొలేరో పికప్. ఇంట్రా వీ30 1.5 లీటర్ల డీజిల్, 1,300 కిలోలు. దోస్త్ కూడా ఒకటిన్నర లీటరే, మూడు సిలిండర్లు. బొలేరో ఇంజను రెండున్నర లీటర్లు. ఖాళీగా తిరిగినా ఆ బరువు, ఆ ఇంజను తాగేది తాగుతుంది.

పాత బీఎస్-4 బండ్లకి మా ఆటోనగర్‌లో గిరాకీ ఇప్పటికీ గట్టిగానే ఉంది, మీరన్నది నిజం. అందుకే మంచివి చౌకగా దొరకవు. కొనేట్టయితే పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లి స్టార్టు చేయించండి. ముందే వేడి చేసి పెడితే కొనొద్దు. బాడీ కింద పడుకుని ఛాసిస్ చూడాలి, కొత్త రంగు వేసి ఉంటే గోకి చూడాలి. ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు కొట్టేశారో లేదో చూసుకోవాలి.

---

మిర్చియార్డు_కిరాయి

గుంటూరు నుంచి రాస్తున్నానండీ. పెద్ద బండ్లు ఎందుకు అమ్ముడుపోతాయో నా వైపు నుంచి చెబుతాను. షోరూము వాళ్ల మాటలు విని కొన్నవాళ్లం కాదు మేం.

మిర్చి టిక్కీ, అంటే బస్తా, 40 నుంచి 45 కిలోలు ఉంటుంది. 1.7 టన్నుల బొలేరోలో 40 టిక్కీలు ఎక్కుతాయి. 750 కిలోల బండిలో 17. వంద కిలోమీటర్లకి లెక్క కట్టండి. లీటరుకి 12 ఇచ్చే పెద్ద బండికి డీజిల్ రూ.808, టిక్కీకి పడేది రూ.20. లీటరుకి 17 ఇచ్చే చిన్న బండికి రూ.571, టిక్కీకి రూ.33 పైన. మాకు కిరాయి టిక్కీ లెక్కన వస్తుంది. ఇంక మేం ఏది కొంటాం? కిలోమీటరుకి తాగేది వేరు, మోసిన బరువుకి తాగేది వేరు.

అయితే ఈ లెక్క బండి నిండినప్పుడే. ఫిబ్రవరి నుంచి మే దాకా యార్డు ముందు లైన్లు కట్టి నిలబడతాం. ఆ తర్వాత నెలల్లో అదే బండి ఫర్నిచరుకీ సిమెంటుకీ సగం లోడుతో తిరుగుతుంది, అప్పుడు దాని తాగుడు కళ్లకి కనపడుతుంది. మా యూనియన్‌లో ఇద్దరు ముగ్గురు పెద్దది ఉంచుకుని పక్కన పాత ఏస్ ఒకటి తెచ్చుకున్నది అందుకే.

ఇంకొన్ని సంగతులు మీకు పనికొస్తాయి. మొత్తం బరువు, అంటే బండీ సరుకూ కలిపి, 3,000 కిలోలు దాటకపోతే మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. మీరు చూసే చిన్న బండ్లు ఆ లోపే ఉంటాయి. పెద్ద పికప్‌లకి వెళ్తే ఆర్‌సీలో ఆ అంకె చూసుకోండి. మీ తమ్ముడి లైసెన్సు కారు లైసెన్సే అయినా బాధ లేదు. 7,500 కిలోల లోపు రవాణా బండి తోలడానికి ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఓవర్‌లోడు మాత్రం వద్దు. పట్టుకుంటే రూ.20,000, పైన ప్రతి అదనపు టన్నుకీ రూ.2,000. 900 కిలోలు 750 బండిలో ఎక్కించడం చాలామంది చేస్తారు, చేసి చూపిస్తారు కూడా. బ్రేకులు దానికి తగ్గట్టు ఉండవు తల్లీ. వారధి దిగేటప్పుడు ఎదర ఎవరైనా అడ్డం వస్తే ఆ 150 కిలోలు తెలుస్తాయి.

---

తెనాలి_టు_టెక్సాస్

అక్కా, మాది మీ పక్కనే తెనాలి, ఉండేది టెక్సాస్. మీ ప్రశ్న చదువుతుంటే ఇక్కడి రైతులు మాట్లాడుతున్నట్టే ఉంది. ఇక్కడ పికప్‌లు ఏటికేడు పెద్దవైపోయాయి. కారణాలు రెండు కనపడతాయి. దిగుమతి చేసే చిన్న ట్రక్కుల మీద 1964 నుంచి 25 శాతం సుంకం ఉంది, కాబట్టి బయటి చిన్న బండి లోపలికి రావడం కష్టం. రెండోది, మైలేజీ నిబంధనల్లో చక్రాల మధ్య వైశాల్యం పెరిగేకొద్దీ లక్ష్యం సులువవుతుంది. పెద్ద బండి చేస్తే కంపెనీకి అటు లాభమూ ఎక్కువ, ఇటు నిబంధనా తేలిక.

గిరాకీ మాత్రం చావలేదు. ఫోర్డ్ 2021లో మావెరిక్ అని చిన్న పికప్‌ని 20 వేల డాలర్ల లోపు ధరతో, మామూలు రకానికే హైబ్రిడ్ (పెట్రోలూ కరెంటూ కలిసి నడిపే) ఇంజనుతో వదిలింది. కొద్ది నెలల్లోనే ఆ ఏడాది మోడలుకి ఆర్డర్లు తీసుకోవడం ఆపేయాల్సి వచ్చింది. తర్వాత ధర పెంచుకుంటూ పోయారనుకోండి. 2025లో స్లేట్ అనే కొత్త కంపెనీ తెర లేకుండా, చేత్తో తిప్పే అద్దాలతో కరెంటు పికప్ ప్రకటించింది. అది రాకముందే జనం దాని గురించి మాట్లాడుకున్న తీరు చూడాల్సింది. జపాన్ కేయి ట్రక్కులు, అవే 660 సీసీ, 350 కిలోల మోతవి, 25 ఏళ్లు దాటాక దిగుమతికి వీలవుతుంది కాబట్టి పాతవి ఓడల్లో తెప్పించుకుని ఫారాల్లో వాడుతున్నారు. మీరు పాత బండ్ల గురించి అన్నమాట ఇక్కడా నిజమే.

నాకు మనసు కష్టపెట్టేది ఇంకోటి. టయోటా 2023 నవంబరులో థాయ్‌లాండ్‌లో హైలక్స్ చాంప్ అని బోసి పికప్ 4.59 లక్షల బాత్‌లకి పెట్టింది, మన లెక్కలో దాదాపు రూ.11 లక్షలు. వెనక ఏ బాడీ కావాలంటే అది బిగించుకోవడానికి బోల్టు రంధ్రాలతో సహా ఇస్తారు. మనకి 2022లో వచ్చిన హైలక్స్ అప్పట్లో రూ.33.99 లక్షలతో మొదలైంది. ఇసుజు వాళ్లు మన శ్రీసిటీలోనే 2016 నుంచి పికప్‌లు చేస్తున్నారు. చేసే చెయ్యి ఇక్కడుంది, కొనే రైతు ఇక్కడున్నాడు.

---

పటమట_డెలివరీ

కరెంటు బండి కూడా చూడండి మేడమ్. ఏస్ ఈవీ 2022లో వచ్చింది, ఒక ఛార్జికి కంపెనీ చెప్పేది 154 కిలోమీటర్లు, మొదటి రకం మోత 600 కిలోలు, తర్వాత టన్ను రకం వచ్చింది. రోజూ ఒకే దారి, రాత్రి ఇంటి దగ్గరే నిలిపే మీలాంటివాళ్లకి రూపాయికి వచ్చే దూరం దీని మీదే ఎక్కువ. కానీ కొనే ధర బరువు. మీ ఊళ్లో రాత్రి కరెంటు పోకుండా ఉంటుందో లేదో కూడా చూసుకోవాలి. నేను ఊళ్లోనే తిరుగుతాను, లోడు తేలిక, నాకు సరిపోయింది.

---

లంక_లెక్కలు

అందరికీ పేరుపేరునా దండాలండీ. రాత్రి భోజనాలయ్యాక మా తమ్ముడికి మొత్తం చదివి వినిపించాను.

మిర్చియార్డు బాబాయిగారు చెప్పిన టిక్కీ లెక్కని మా గెలలకి వేసి చూశాను. 600 కిలోల రోజున వంద కిలోమీటర్లకి పెద్ద బండి మీద కిలోకి రూ.1.35 పడుతుంది, చిన్నదాని మీద రూపాయి లోపే. నిండు 1,700 కిలోలు దొరికితే పెద్దదాని మీద అర్ధ రూపాయికి దిగుతుంది. కానీ మా లంకలో ఒక పూటలో అంత సరుకు కోయించలేం, కోయించినా బెజవాడలో ఒకేసారి అమ్మలేం, మిగిలింది పండిపోతుంది. కాబట్టి మాకు ఏడాదిలో ఎక్కువ రోజులు చిన్న బండే లాభం. పండగ రోజుల్లో మిగిలే 150, 200 కిలోలకి పక్క ఊరి బొలేరోకి కిరాయి ఇచ్చుకుంటాం. ఇప్పటిదాకా ఇరికించి ఎక్కించడమే మా పద్ధతి. బ్రేకుల మాట విన్నాక మా అమ్మ ఒప్పుకోనంది, నేనూ ఒప్పుకోను.

ఆటోనగర్ తమ్ముడూ, నువ్వు చెప్పిన ఏస్ ప్రో గ్యాసు రకమూ, పెట్రోలు రకమూ రెండూ చూస్తాం. షోరూము వాళ్లని ఒకటే అడగబోతున్నాను: నా గెలలు, నా దారి, నా ముందు ట్యాంకు నింపి ఒక్కసారి బెజవాడ తీసుకెళ్లి రానివ్వండి, వచ్చాక మళ్లీ నింపి చూద్దాం. ఒప్పుకున్నవాళ్ల దగ్గరే కొంటాం. కొనకపోతే ఎందుకు కొనలేదో కాగితం మీద రాసి వాళ్ల చేతికిచ్చి వస్తాను, నాతోపాటు వెతుకుతున్న మా ఊరివాళ్ల పేర్లతో సహా. అడిగేవాళ్లు ఉన్నారని వాళ్లకి కాగితం మీదన్నా తెలియాలి కదా.

తెనాలి తమ్ముడు చెప్పిన బోల్టు రంధ్రాల సంగతి మావాడికి బాగా నచ్చింది. గెలలు నిలబెట్టే కమ్మీలు ఒక కాలం, నీళ్ల టిన్నులకి పలకలు ఒక కాలం అని విప్పి బిగించుకోవచ్చు. అలాంటి ఏర్పాటు ఆటోనగర్‌లో ఆర్‌సీకి ఇబ్బంది లేకుండా చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంకా, దుగ్గిరాల వైపు ఎవరైనా గ్యాసు రకం తోలుతుంటే నిండు లోడుతో కిలోకి ఎంతొస్తుందో, లంక దారిలో సిలిండరు కింద తగులుతుందో లేదో దయచేసి రాయండి. కార్తీకం లోపు తేల్చుకోవాలి.

---

ఆటోనగర్_పానా

ఉన్నారక్కా. బండి కొన్నాక ఆర్‌సీ తీసుకుని రండి, అందులో రాసిన బాడీ కొలతలు దాటకుండా లోపల విప్పుకునే కమ్మీలు కట్టించవచ్చు. ట్యాంకు నింపి చూసేటప్పుడు రెండుసార్లూ ఒకే బంకులో, ఒకే గన్నుతో, ఆటోమేటిక్‌గా ఆగినచోటే ఆపించండి. టైర్లలో గాలి ముందే కొట్టించండి. గెలల మీద టార్పాలిన్ బిగించి కట్టండి, రెపరెపలాడితే మైలేజీ అక్కడే పోతుంది.